బీపీకి పాదరసం మిల్లీమీటర్లా, కిలోపాస్కల్సా: ఏది మేలు?

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మా అమ్మ బీపీ మిషన్ కట్టుకుని గట్టిగా కేకేసింది: "ఒరేయ్ నాయనా, పద్దెనిమిది చూపిస్తాందిరా, నేను బతికే ఉన్నానా?" స్క్రీన్ మీద 18.4, కింద 11.2. నేను వెళ్లేలోపే పక్కింటి అత్త కళ్లద్దాలు లేకుండా వంగి చూసి, "పద్దెనిమిది కాదు వదినా, నూటా ఎనభై నాలుగు, ఇంకో మాత్ర వేసుకో" అని గ్లాసులో నీళ్లు కూడా పోసేసింది. తీరా చూస్తే మూలన చీమంత అక్షరాల్లో కేపీఏ, అంటే కిలోపాస్కల్, అని ఉంది. మా పిల్లోడు బటన్లు నొక్కి యూనిట్ మార్చేశాడన్నమాట. పాదరసం మిల్లీమీటర్లలోకి మార్చడానికి 7.5తో గుణిస్తే 138, 84, అంటే అమ్మకు రోజూ ఉండేదే.

అనంతపురంలో మా ఇంట్లో ఆ రోజు నుంచీ ఇదే చర్చ. మా తమ్ముడు ఇంజనీరు, పాస్కల్ పార్టీ. వాడు చెప్పేదీ నిజమే: చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పడితే ఒక పాస్కల్, లెక్క శుభ్రంగా ఉంటుంది, మధ్యలో పాదరసం సాంద్రతతో పని లేదు. 1971లో ఆ పేరు అధికారికమైంది కూడా. కానీ ఒక్క మిల్లీమీటరు పాదరసమే 133 పాస్కల్స్, అందుకే కిలో తగిలించాలి, తగిలించగానే చుక్క వస్తుంది, 120/80 కాస్తా 16/10.7 అవుతుంది. ఆ చుక్క కనపడకపోతే ఏమవుతుందో పైన చెప్పాను కదా. వాతావరణం వాళ్లకు ఈ బాధ లేదు, మిల్లీబారు పోయి హెక్టోపాస్కల్ (వంద పాస్కల్స్) వచ్చినా అంకె మారలేదు, మామూలు గాలి పీడనం 1013 అలాగే 1013.

నా ఓటు మాత్రం పాత పాదరసం మిల్లీమీటరుకే. అది కంటికి కనపడే కొలత. 120 అంటే గాజు గొట్టంలో పాదరసం 12 సెంటీమీటర్లు లేచిందని, జానెడులో సగం పైచిలుకు. అదే నీళ్లతో కొలిచి ఉంటే, పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు కాబట్టి, డాక్టరు టేబుల్ మీద దాదాపు 163 సెంటీమీటర్ల గొట్టం, అంటే మనిషెత్తుది, పెట్టుకోవాల్సి వచ్చేది! వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం, నీళ్లలో అయితే సుమారు 34 అడుగులు. పైన మోటారు పెట్టి పీలిస్తే అంతకంటే లోతు నుంచి నీళ్లు రావు, వందల అడుగుల బోర్లు వేసే మన జిల్లాలో మోటారును గొట్టంలోకి దించేది అందుకే. ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 1640ల్లో పాదరసంతో ఆడుకున్న ఆటే 1896లో ఇటలీ డాక్టరు రివా-రోచి చేతిలో బీపీ మిషన్ అయింది, 1905లో రష్యా డాక్టరు కొరొట్కాఫ్ దానికి స్టెతస్కోపు జోడించాడు.

పాదరసం విషం కాబట్టి పాదరసం వాడకం తగ్గించేందుకు దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందంతో ఆ గాజు గొట్టం మిషన్లు మూలన పడుతున్నాయి, అంకె మాత్రం కదల్లేదు. బ్రిటన్ ఆసుపత్రుల్లో రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని కిలోపాస్కల్స్‌లోనే రాస్తారు, బీపీ దగ్గరికొచ్చేసరికి వాళ్లూ 120/80 అనే అంటారు.

ఇక పంచరు షాపులో పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని, డ్రిప్పు గేజీ మీద "కేజీ ప్రెషర్", అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ, సుమారు 14 పీఎస్ఐ. అక్కడ వాటినే ఉండనివ్వండి, గాలి కొట్టే అబ్బాయిని పాస్కల్స్ అడిగితే మొహం మీదే నవ్వుతాడు.

ఇంటర్ ఫిజిక్స్ లెక్కకు పాస్కల్, మనిషికి పాదరసం, ఇదీ నేను తమ్ముడితో కుదుర్చుకున్న రాజీ. మీ మిషన్‌లో ఎప్పుడైనా అంకె మధ్యలో చుక్క కనపడితే మాత్ర జోలికి పోకుండా ముందు మూలన యూనిట్ చూడండి. అమ్మ నోట్‌బుక్‌లో ఆ రోజు గడిలో 18.4 కొట్టేసి 138 అని రాశాను, మిషన్ ఇప్పుడు పిల్లోడికి అందకుండా అటక మీద ఉంది.