అర్థమయ్యాక పెరిగిన పాటలు, తరిగిన పాటలు

2024 ఆగస్టు నుంచి నవంబర్ దాకా మంచి ఆల్బమ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. ఆగస్టులో డబ్లిన్ బ్యాండ్ ఫాంటెయిన్స్ డి.సి. ‘రొమాన్స్’, అక్టోబర్ 28న అమెరికా ర్యాపర్ టైలర్ ద క్రియేటర్ ‘క్రొమకోపియా’, నాలుగు రోజులకే ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ ద క్యూర్ ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’, నవంబర్ 22న చెప్పాపెట్టకుండా ఇంకో అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్ ‘జి.ఎన్.ఎక్స్.’. సమీక్షలూ అంతే జోరుగా వచ్చాయి, విడుదలైన రోజో మర్నాడో. ఒక్క రాత్రి విని పదికి ఎన్ని మార్కులో తేల్చేసే సమీక్షల మీద నాకు గురి తక్కువ. ముఖ్యంగా మనలాంటివాళ్ళకి అవి బొత్తిగా పనికిరావు.

మనలాంటివాళ్ళంటే, పొద్దంతా ఇంగ్లీషులో మెయిళ్ళు రాసి, సాయంత్రం తెలుగులో తిట్టుకునేవాళ్ళం. కెండ్రిక్ పెరిగిన కాంప్టన్ వీధుల ఇంగ్లీషు మన ఆఫీసు ఇంగ్లీషు కాదు. మొదటి నెల మన చెవికి చేరేది బీటు, బేసు, గొంతులో ఉన్న కసి, అంతే. మాట నిదానంగా వస్తుంది. ఒక్కో లైను ఒక్కో రోజు విడివడుతుంది, కొన్నిటికి నెట్‌లో సాహిత్యం వెతుక్కోవాలి. అలా మాట అందాక పాట పెద్దదైందా, చిన్నదైందా అన్నదే నేను చూసుకునే లెక్క. ఏడాదికి పైగా విన్నాక కొన్నిటి విషయంలో ఆ లెక్క తేలింది.

నేను బెంగళూరులో ఉంటాను. ఎక్కువ భాగం విన్నది ఔటర్ రింగ్ రోడ్డు మీద 500డి బస్సులో, మెట్రో పిల్లర్ల దుమ్ము మధ్య. మిగతాది రాత్రి గదిలో, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో. రెండూ అవసరమే. ఇంజిన్ రొద బేసుని మింగేస్తుంది కాబట్టి, బేసు తీసేసినా నిలబడే పాట ఏదో బస్సులోనే తెలుస్తుంది.

ముందు ‘జి.ఎన్.ఎక్స్.’. పేరు 1987లో బ్యూయిక్ చేసిన కారుది. అవి మొత్తం 547 మాత్రమే తయారయ్యాయి. కెండ్రిక్ పుట్టిందీ ఆ సంవత్సరమే. ఆల్బమ్‌లో 12 పాటలు, 44 నిమిషాలు. సాటి ర్యాపర్ డ్రేక్‌ని తిట్టిపోస్తూ ఆ ఏడాది ప్రపంచాన్ని ఊపేసిన ‘నాట్ లైక్ అస్’ ఇందులో లేదు, దాని వేడి మాత్రం ఉంది. వచ్చిన కొత్తలో మా ఫ్లాట్‌లో ‘టీవీ ఆఫ్’ తప్ప ఇంకో పాట లేదు. సగంలో బీటు తిరగబడుతుంది, అక్కడ నిర్మాత మస్టర్డ్ పేరుని కెండ్రిక్ గొంతు చించుకుని సాగదీసి అరుస్తాడు. పోపులో ఆవాలు చిటపటలాడినప్పుడల్లా మా రూమ్మేటు వంటింట్లోంచి అదే అరుపు. ఆ పాటకి ఇప్పటికీ కాలు కదులుతుంది, ఒప్పుకుంటాను. కానీ మాటలన్నీ తెలిశాక దానికి కొత్తగా చేరిందేమీ లేదు. ‘హే నౌ’, ‘పీకబూ’ అయితే ఇంకా తరిగాయి. బెదిరింపు, గొప్పలు, మళ్ళీ బెదిరింపు. ఊళ్ళో కుర్రాళ్ళకి మైకు అప్పగించిన, ఆల్బమ్ పేరే ఉన్న పాట కూడా అంతే. ఉద్దేశం మంచిదే, పాటే పలచగా ఉంది.

పెరిగింది ‘రీఇన్‌కార్నేటెడ్’. కింద వెనకటి తరం ర్యాపర్ టూపాక్ పాత పాట ముక్క తిరుగుతుంటుంది, కెండ్రిక్ గొంతు కూడా టూపాక్ ఒరవడిలోకి వెళ్ళిపోతుంది. మొదట్లో అంతవరకే తెలిసింది. తర్వాత తెలిసింది ఇవి మూడు జన్మలని. ఒక జన్మలో 1940ల నాటి గిటారిస్టు, డబ్బు మీద ఆశతో చెడినవాడు. ఇంకో జన్మలో నల్లజాతి గాయని, హెరాయిన్‌కి బలైపోయింది. మూడో జన్మ అతనే. ఆ మూడో భాగంలో తండ్రికీ కొడుక్కీ మధ్య సంభాషణ నడుస్తుంది, తండ్రి అంటే ఇక్కడ దేవుడు. ప్రశ్న ఒకరిది, బుకాయింపు ఇంకొకరిది, రెండూ ఒకే గొంతులో. హరికథ దాసుగారు చేతిలో చిడతలతో ఒక్క అడుగు పక్కకి వేసి దశరథుడి నుంచి కైకేయిగా మారిపోయినట్టు మారతాడు. పూర్వజన్మ కథలు మనకి సినిమాల్లో కావలసినన్ని ఉన్నాయి. అక్కడ పగ తీర్చుకోవడానికి మళ్ళీ పుడతారు. ఇక్కడ మాత్రం ప్రతి జన్మలోనూ పాట అనే వరం దొరుకుతుంది, ప్రతి జన్మలోనూ దాన్ని పాడుచేసుకుంటాడు. పగబట్టిన ఆల్బమ్ మధ్యలో పగ వదిలేస్తానని మాటిచ్చే పాట పెట్టాడు. ఆ మాట మిగతా పాటల్లో నిలబెట్టుకోలేదు. ఆల్బమ్‌లో అసలు రుచి ఆ ఇరకాటంలోనే ఉందని నా అభిప్రాయం.

చివరి పాట ‘గ్లోరియా’ కూడా ఇలాంటిదే. వింటుంటే ప్రేయసితో అలకలు, గొడవలు, రాజీలు. ఆఖరికి వచ్చేసరికి ఆమె మనిషి కాదు, అతని కలం. అది తెలిశాక మొదటి లైను నుంచి మళ్ళీ వినాల్సి వస్తుంది. ‘లూథర్’ తీపిగా ఉంటుంది. 1982లో లూథర్ వాండ్రాస్, షెరిల్ లిన్ పాడిన యుగళగీతం ముక్క మీద కట్టింది. అయితే ఇన్ని రోజులు నిలవడానికి కారణం ఆ పాత గొంతులే. ఇక డేయ్రా బర్రెరా అనే మరియాచి (మెక్సికో సంప్రదాయ సంగీతం) గాయని స్పానిష్‌లో ఎత్తుకునే చిన్న చిన్న ముక్కలున్నాయి. వాటి మాట నాకు ఇప్పటికీ అక్కర్లేదు, ఆ గొంతు చాలు.

‘క్రొమకోపియా’ గురించి పొడిపొడిగా చెప్తాను, ఎందుకంటే అందులో మూడోవంతు తీసేసినా ఎవరికీ నష్టం లేదు. ‘స్టికీ’లో అతిథులు వరసగా వచ్చి సందడి చేసి వెళ్తారు, ఇప్పుడు అది వస్తే వేలు దానంతటదే తర్వాతి పాటకి పోతుంది. ‘నాయిడ్’ వేరే సంగతి. జాంబియాలో 1970లలో న్‌గోజీ ఫ్యామిలీ అనే రాక్ బ్యాండ్ ఉండేది, వాళ్ళ 1977 నాటి పాట ముక్కని తీసి టైలర్ తన భయానికి వెన్నెముకగా పెట్టుకున్నాడు. ఆ గిటారు గరుకుదనం బస్సు రొదని కూడా చీల్చుకుని వస్తుంది. ఈ ఆల్బమ్ పొడుగునా టైలర్ తల్లి మాటలు వినిపిస్తాయి. ‘లైక్ హిమ్’లో, నేను ఆయనలా ఉన్నానా అని కొడుకు అడుగుతుంటాడు, వదిలేసి వెళ్ళాడనుకున్న తండ్రి గురించి. పాట చివర ఆవిడ చెప్తుంది, తప్పు ఆయనది కాదు, నాదే అని. మన సినిమాల్లో అమ్మ పాటంటే కన్నీళ్ళు, త్యాగం. తప్పు నాదే అనే అమ్మని పాటలో పెట్టడానికి ధైర్యం కావాలి, కొడుక్కే కాదు, ఆ తల్లికి కూడా. ఈ ఒక్క పాట కోసం మిగతా చెత్తని క్షమించాను.

ఇప్పుడు మా ఊరి మనిషి. హనుమాన్‌కైండ్, అసలు పేరు సూరజ్ చెరుకట్, కేరళలో పుట్టి, హ్యూస్టన్‌లో పెరిగి, బెంగళూరులో ర్యాపర్ అయ్యాడు. 2024 జులైలో వచ్చిన ‘బిగ్ డాగ్స్’ అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్ళింది. దానికి బీటు కట్టింది మన హైదరాబాదు నిర్మాత కల్మి. తెలుగువాళ్ళ మధ్య ఈ విషయం చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు. 2025 జులైలో అతని మిక్స్‌టేప్ ‘మాన్సూన్ సీజన్’ వచ్చింది. అందరం మనవాడని ఎగబడి విన్నాం.

గొంతు బ్రహ్మాండం, అందులో సందేహం లేదు. బొంగురుగా, బరువుగా, ఒక్కో మాట నేలకేసి కొట్టినట్టు పడుతుంది. ‘రన్ ఇట్ అప్’లో కేరళ డోలు చెండ మోగడం మొదలవగానే ఒళ్ళు జలదరిస్తుంది, ఎన్నిసార్లు విన్నా అంతే. కానీ నా లెక్కలో పెడితే చిక్కొస్తుంది. ఇతని ఇంగ్లీషు కెండ్రిక్ ఇంగ్లీషు కంటే మనకి సులువు, మాట తొందరగానే అందుతుంది. అందాక అక్కడ ఉన్నది చాలావరకు నేనింతవాణ్ణి, నన్నెవడాపుతాడు అన్న ధీమాయే. చెండ చెప్పినంత కథ మాట చెప్పలేదు. పాటలన్నీ ఒక ఆల్బమ్‌గా కాకుండా, ఎవరో మంచి ప్లేలిస్టు పంపినట్టు అనిపించింది. ఈ ఊళ్ళో కార్పొరేట్ ఉద్యోగం చేసి మానేసిన మనిషి కదా, ఆ బతుకు మీద ఒక పాట రాస్తే సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా బస్సుల్లో అందరూ పాడుకుంటారు. తర్వాతి ఆల్బమ్‌లోనైనా రాస్తాడేమో చూడాలి.

దీనికి పూర్తిగా ఎదురు తమిళ ర్యాపర్ అరివు 2024 ఆల్బమ్ ‘వల్లియమ్మ పేరాండి’. ‘ఎంజాయ్ ఎంజామి’ రాసింది ఇతనే. వల్లియమ్మ అతని అవ్వ. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి వచ్చిన మనిషి. మాది చిత్తూరు వైపు, తమిళం సగం పుట్టుకతో వచ్చిందే. కాబట్టి ఇక్కడ మాటే ముందు చేరుతుంది, తాళం తర్వాత. పాటలన్నీ ఒకే మట్టాన లేవు, కొన్నిచోట్ల ఉపన్యాసం పాటని తొక్కేస్తుంది. అయినా పక్క రాష్ట్రంలో ఒకడు తన అవ్వ పేరు ఆల్బమ్‌కి పెట్టి ఇంత సూటిగా మాట్లాడుతుంటే, తెలుగు ర్యాప్ ఇంకా సినిమా పాట మధ్యలో నాలుగు లైన్ల కోసం ఎందుకు కాచుక్కూర్చుందో అని కడుపు మండుతుంది.

రాక్‌కి వస్తే, ఈ ఊరికి ఆ పిచ్చి పాతదే. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించారు. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ 1996 నుంచీ ఇక్కడి బ్యాండే. మా ఆఫీసులో కోలారు పెద్దమనిషి ఒకాయన ఇప్పటికీ మెయిడెన్ టీషర్టుతోనే శుక్రవారాలు వస్తాడు. ‘రొమాన్స్’ ఆయనకి వినిపిస్తే, “బాగుందప్పా, కానీ గిటార్లేవీ?” అన్నాడు. నిజమే, ఈసారి ఫాంటెయిన్స్ గిటార్ల పదును తగ్గించి తీగవాద్యాలు, కీబోర్డులు పెంచారు. నాకు అభ్యంతరం లేదు. ‘స్టార్‌బర్స్టర్’లో పల్లవి దగ్గర గాయకుడు గ్రియన్ చాటన్ ఊపిరి గట్టిగా లోపలికి లాగుతాడు, ప్రతిసారీ. మొదట అది స్టైలనిపిస్తుంది. లండన్ సెయింట్ పాంక్రస్ రైల్వే స్టేషన్‌లో అతనికి వచ్చిన పానిక్ అటాక్‌లోంచి పుట్టిన పాట అని తెలిశాక, ఆ ఊపిరి దగ్గర మన గుండె కూడా ఒక్క క్షణం పట్టేస్తుంది. ఆఫీసులో రిలీజు టెన్షన్‌లో ఉన్న రాత్రి ఈ పాట వినకండి. చివరి పాట ‘ఫేవరెట్’ వినండి, తేలిగ్గా ఉంటుంది.

ద క్యూర్ ఆల్బమ్ దగ్గర నా లెక్క పనిచేయదు, ఎందుకంటే మాట మొదటి రోజే అర్థమైపోతుంది. బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ స్కూలు ఇంగ్లీషులో పాడతాడు. 2008 తర్వాత 16 ఏళ్ళకి వచ్చిన ఆల్బమ్, 8 పాటలు, 49 నిమిషాలు. మొదటి పాట ‘అలోన్’లో మూడు నిమిషాలు దాటాక గానీ గొంతు రాదు. రూమ్మేటుకి వినిపిస్తే, “ఏమబ్బా, ఇంకా పాట ఎత్తుకోలేదా?” అని లేచి వెళ్ళిపోయాడు. ‘ఎండ్‌సాంగ్’ మరీ దారుణం, పది నిమిషాల పాటలో గొంతు ఆరు నిమిషాలు దాటాక వస్తుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ ఆరు నిమిషాలూ మా బస్సు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గరే ఉంటుంది. ఆ పాటకి అంతకంటే మంచి చోటు లేదు. డ్రమ్ములు అదే అడుగు వేస్తుంటాయి, బేసు కింద నుంచి తోస్తుంటుంది, మనం ఎక్కడికీ వెళ్ళడం లేదు. చిన్నప్పుడు, మనిషి చంద్రుడి మీద దిగిన రోజుల్లో, ఆకాశం చూసిన పిల్లవాడు ముసలివాడై అదే చంద్రుణ్ణి చూడటం ఆ పాట సంగతి. పోయిన అన్న మీద రాసిన ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’లో పియానో స్వరాలు కొన్నే పదే పదే వస్తాయి, ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు కాస్త చూసుకుని వినాలి.

వినేవాళ్ళు షఫుల్ ఆపి వరసలో వినండి. డబ్బు కట్టని యాప్‌లో అయితే ‘అలోన్’ అయ్యాక లోన్ యాడ్ వస్తుంది, ముందే చెప్తున్నా. ఎనిమిదిలో ‘డ్రోన్:నోడ్రోన్’ ఒక్కదాన్ని నేను ఇప్పటికీ దాటేస్తాను. గిటారు మోత ఎక్కువ, సంగతి తక్కువ.