మొటిమల మచ్చల క్రీమ్ కొంటున్నారా? ముందు డబ్బా వెనక ఏముందో చదవండి

నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను, కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి. ఏడు రోజుల్లో మచ్చలు మాయం అని ఆన్‌లైన్‌లో కనిపించిన క్రీమ్ ఒకటి కొన్నాను. పేరు రాయడం లేదు. ఇలాంటివి ఒక పేరు పోతే ఇంకో పేరుతో వస్తూనే ఉంటాయి, అందుకే పేరు కన్నా వాటి తీరు తెలుసుకోవడం ముఖ్యం.

నాకున్నవి పెద్ద గుంటలేం కాదు. మొటిమలు తగ్గాక బుగ్గల మీద మిగిలిన గోధుమరంగు మచ్చలు, గడ్డం దగ్గర నాలుగైదు ఎర్రటివి, అంతే. క్రీమ్ మొదలుపెట్టిన నాలుగో రోజుకే ముఖం తేటపడింది. "ఇంత తొందరగా తగ్గిందంటే అందులో ఏదో ఉంది, ఒకసారి డాక్టర్‌కి చూపించు" అని మా అక్క అంటూనే ఉంది, నేను వినకుండా రెండో డబ్బా తెప్పించాను. మూడు నెలలు వాడాక ఒకసారి నాలుగు రోజులు రాయడం కుదరలేదు. ముఖమంతా మంట, ఎరుపు, అంతకుముందు ఎప్పుడూ రానన్ని చిన్న చిన్న పొక్కులు. మళ్ళీ రాస్తే తగ్గేది, మానేస్తే తిరగబెట్టేది. ఎండలోకి వెళ్తే చెంపలు కాలినట్టుండేవి, అద్దం చూసుకోవాలంటేనే టెన్షన్.

స్కిన్ డాక్టర్ మొదట అడిగింది "ఏం రాస్తున్నారు?" అని. డబ్బా మీద పదార్థాల జాబితానే లేదు, మూలికల సారం అని ఒక్క ముక్క ఉంది. నా చర్మం తీరు చూసి ఇది స్టెరాయిడ్ వల్లేనని చెప్పారు. స్టెరాయిడ్ వాపునూ ఎరుపునూ అణిచేస్తుంది, రక్తనాళాలను కుదిస్తుంది, అందుకే మొదట్లో ముఖం తెల్లగా నున్నగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర గీతల్లా రక్తనాళాలు పైకి తేలతాయి, కొత్త మొటిమలు లేస్తాయి. అంటే మచ్చలు పోవడానికి రాసిన క్రీమే కొత్త మచ్చలు తెచ్చిపెడుతుంది.

కాబట్టి జాబితా లేని డబ్బా కొనకండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, ఈ పేర్లు కనిపిస్తే అది స్టెరాయిడ్. మెర్క్యూరీ అనో కాలొమెల్ అనో ఉంటే అసలు ముట్టుకోవద్దు, అది పాదరసం, కిడ్నీలను దెబ్బతీస్తుంది. రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ రకం మందు ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములు నిజమైన మందులే, క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు ఆ కలయికను 1975లోనే ప్రచురించారు. కానీ అవి మంగు లాంటి వాటికి డాక్టర్ చెప్పినన్ని వారాలే రాయాలి, రోజూ రాసుకునే ఫేస్ క్రీములు కావు.

అసలు నాకు ఏ రకం మచ్చ ఉందో తెలిసుంటే ఆ క్రీమ్ జోలికే వెళ్ళేదాన్ని కాదు. గోధుమరంగువి చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువై మిగిలిన రంగు మాత్రమే. ఎర్రటివి రక్తనాళాల వల్ల, పారదర్శకమైన గ్లాసుతో నొక్కి చూస్తే పాలిపోతాయి. ఈ రెండూ నెలల్లో వాటంతట అవే చాలావరకు తగ్గుతాయి, గిల్లకుండా ఉంటే. పక్కనుంచి లైటు పడినప్పుడు నీడ కనిపించే పల్లాలైతే అవి అసలైన గుంటలు, లోపల చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ దెబ్బతిన్నదన్నమాట. వాటిని ఏ క్రీమూ ఏడు రోజుల్లో పూడ్చలేదు. మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో గుచ్చడం), సబ్‌సిజన్ (గుంటను కిందికి లాగే పోగులను చర్మం కింద సూదితో తెంచడం), ఫ్రాక్షనల్ లేజర్ (చుక్కలు చుక్కలుగా లేజర్ కొట్టడం) లాంటివి గుంట రకాన్ని బట్టి డాక్టర్లు చేస్తారు, అప్పుడు కూడా తగ్గుతాయి గానీ పూర్తిగా పోతాయని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. ఇంట్లో డెర్మారోలర్‌తో (సన్నటి సూదులున్న చిన్న రోలర్) మొటిమల మీద రుద్దడం ఇంకా ప్రమాదం, ఇన్‌ఫెక్షన్ పాకుతుంది.

రంగు మచ్చలకు నాకు ఇప్పుడు పని చేస్తున్నవి చాలా మామూలువి. రోజూ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ. చర్మం కుదుటపడ్డాక మొటిమలనూ రంగునూ తగ్గించే అజెలాయిక్ యాసిడ్, ఆ తర్వాత రాత్రిపూట కొంచెం అడాపలీన్ (ఇదీ ట్రెటినాయిన్ రకం మందే). అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటివి గర్భంతో ఉన్నవాళ్ళు వాడకూడదు, అది మాత్రం గుర్తుంచుకోండి. కొత్త మొటిమలు ఆగకుండా మచ్చల వెంట పడి లాభం లేదు కాబట్టి డాక్టర్ ముందు వాటి సంగతే చూశారు.

ఐదు నెలలైంది, ఎరుపు చాలా తగ్గింది, చెంప మీద ఒకచోట సన్నటి గీతలు ఇంకా ఉన్నాయి. అమ్మినవాళ్ళు వాడిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు, ఆ తర్వాత జవాబే లేదు. ఇలాంటి క్రీమ్ ఇప్పటికే నెలలుగా రాస్తున్నవాళ్ళు భయపడి ఒక్కసారిగా మానేసి ఇంట్లో కూర్చోకండి, నాలాగే తిరగబెట్టొచ్చు. ఎలా మానాలో స్కిన్ డాక్టర్‌ని అడగండి. వెళ్ళేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి, ఖాళీదైనా సరే.