ఆర్టీసీ సమ్మె: బస్సు ఆపడమా, టికెట్ ఆపడమా, దీక్షలో కూర్చోవడమా?

ఫ్యాక్టరీలో పని ఆగితే యజమాని జేబుకి చిల్లు పడుతుంది. ఆర్టీసీలో బస్సు ఆగితే ముందు దెబ్బ తగిలేది స్టేజీ దగ్గర నిలబడ్డ ప్రయాణికుడికి. ప్రభుత్వానికి సెగ తగలాలంటే అది ఆ ప్రయాణికుడి మీదుగానే వెళ్లాలి. అతని కోపం సర్కారు మీదికి మళ్లుతుందా, డ్రైవర్ మీదికి మళ్లుతుందా అన్నదాన్ని బట్టే సమ్మె గెలుస్తుంది, ఓడుతుంది. కార్మికుడికి సమ్మె హక్కు ఉండి తీరాలి, దాని మీద నాకు రెండో మాట లేదు. ఏ తరహా సమ్మె చేస్తే జనం వెంట ఉంటారన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

అందరికీ తెలిసిన దారి నిరవధిక సమ్మె. డిమాండ్లు తీరేదాకా బస్సు డిపో గేటు దాటదు. దీని బలమూ బలహీనతా చూడాలంటే తెలంగాణలోనే ఎనిమిదేళ్ల తేడాతో జరిగిన రెండు సమ్మెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రత్యేక తెలంగాణ కోసం 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. సింగరేణి గనుల్లో పని ఆగింది, బడులు మూతపడ్డాయి, ఆఫీసులు ఖాళీ అయ్యాయి, వారం తిరక్కుండా ఆర్టీసీ కార్మికులూ దిగారు. బొగ్గు అందక కరెంటు కోతలు పెరిగాయి. జనం పడ్డ ఇబ్బంది చిన్నది కాదు. అయినా ఊళ్లలో బస్సు రాలేదని డ్రైవర్‌ని తిట్టినవాళ్లు తక్కువ. రోడ్డు మీద వంటావార్పు పెడితే పొయ్యి దగ్గర డ్రైవరూ ఉన్నాడు, టీచరూ ఉన్నాడు, పొలం పని మానుకొని వచ్చిన రైతూ ఉన్నాడు. అడుగుతున్నది అందరికీ కావలసిందే కాబట్టి కష్టాన్ని కూడా అందరూ పంచుకున్నారు.

2019లో అవే డిపోలు. కార్మికుల్లోనూ చాలామంది అప్పటివాళ్లే. అక్టోబర్ 5న దాదాపు 48 వేల మంది సమ్మెలోకి దిగారు. డిమాండ్లు 26, అందులో ముందు వరసలో ఉన్నది ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయడం. ఆ సాయంత్రం ఆరు గంటల్లోగా డ్యూటీకి రానివాళ్లు తమ ఉద్యోగాలు తామే పోగొట్టుకున్నట్టని ప్రభుత్వం తేల్చేసింది. తేదీని గుర్తు చేసుకోండి. మర్నాడే సద్దుల బతుకమ్మ, అక్టోబర్ 8న దసరా. ఆడపిల్లలు సంచులు సర్దుకొని పుట్టింటికి బయల్దేరే రోజులు. రద్దీ ఎక్కువున్నప్పుడు ఆపితే ఒత్తిడి ఎక్కువని యూనియన్ల లెక్క. సర్కారును ఒత్తడానికి ఆ లెక్క సరైందే కావచ్చు. కానీ ప్రయాణికుడికి మరో రకంగా తాకింది: నాకు అన్నిటికంటే అవసరమైన రోజు చూసి ఆపారు.

ఆ పండగ రోజుల్లో బస్సెక్కినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తాత్కాలిక కండక్టర్ చేతిలో చాలాచోట్ల టికెట్ మిషన్ లేదు. చార్జీ ఎంతంటే నోటి లెక్కే. రోజూ ఇంత ఇచ్చి వెళ్తామని ప్రయాణికులు వాదించాలి, పాస్ ఉన్న పిల్లలు బతిమాలుకోవాలి. బడుల దసరా సెలవులను ప్రభుత్వం అక్టోబర్ 19 దాకా పొడిగించింది. ఆటో, జీపు, ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లు అడిగినంత ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఈ ఖర్చంతా కూలికెళ్లేవాళ్లది, చిన్న ఉద్యోగులది. కారున్నవాళ్లకు ఆర్టీసీ నడుస్తోందో ఆగిందో కూడా పెద్దగా తెలియదు. బస్సు ఆపితే బాధపడేది కార్మికుడిలాంటి పేదవాడే. ఈ సమ్మెలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

అక్టోబర్ 13న ఖమ్మం డిపో డ్రైవర్ ఒకరు, ఒంటికి నిప్పంటించుకొన్న మర్నాడు, చనిపోయారు. అప్పుడు జనం కదిలిపోయారు. 19న బంద్ జరిగింది. కానీ 21న జరిగిన హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో, సమ్మె నడుస్తుండగానే, అధికార పార్టీ 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచింది. ఒక్క నియోజకవర్గం ఫలితం రాష్ట్రం మొత్తం అభిప్రాయం కాదు, నిజమే. అయితే ప్రభుత్వం దాన్ని అలాగే చదువుకుంది, ఆ తర్వాత ఇంకా బిగిసింది. కార్మికుల మీద జాలి ఊరూరా ఉంది. విలీనం జరిగితే నాకేం ఒరుగుతుందన్న ప్రశ్నకు మాత్రం సగటు ప్రయాణికుడికి జవాబు దొరకలేదు. నియామకాలు లేక డబుల్ డ్యూటీలు పడుతున్నాయని, నిద్ర లేని డ్రైవర్ చేతిలో యాభై మంది ప్రాణాలున్నాయని, మా ఊరి పల్లెవెలుగు ట్రిప్పు ఎందుకు రద్దయిందో ఇదిగో కారణమని ముందు నుంచీ చెప్పి ఉంటే సంగతి వేరుగా ఉండేది. ఇవన్నీ డిమాండ్ల పత్రంలో లేకపోలేదు. పై వరసలో లేవు, అంతే.

52 రోజుల తర్వాత నవంబర్ 25న సమ్మె విరమించారు. చేరతామని డిపోల దగ్గరికి వెళ్తే వెంటనే చేర్చుకోలేదు, 28న ముఖ్యమంత్రి ప్రకటించాకే గేట్లు తెరుచుకున్నాయి. సమ్మె కాలం జీతం దక్కింది. చార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగి ఆ బరువు ప్రయాణికుడి మీద పడింది. యూనియన్లు మూలకుపోయాయి. విలీనం కుదరదన్న ఆ ప్రభుత్వమే 2023 ఆగస్టులో, ఎన్నికల ముందు, విలీనం బిల్లు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2020 జనవరి 1కే ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అక్కడ అది ఎన్నికల హామీగా వచ్చింది.

రెండో దారి గురించి విన్నప్పుడు ఎవరైనా ముచ్చటపడతారు. 2018లో జపాన్‌లోని ఒకాయామాలో ర్యోబి కంపెనీ డ్రైవర్లు బస్సులు మామూలుగానే నడుపుతూ చార్జీ తీసుకోవడం మానేశారు. డబ్బులు వేసే పెట్టె మీద గుడ్డ కప్పేశారు. తక్కువ చార్జీతో మరో కంపెనీ అదే దారిలో దిగుతుండటంతో వాళ్లకు ఉద్యోగాల భయం పట్టుకుంది. బస్సు ఆపితే ప్రయాణికులు అటే పోతారని ఇలా చేశారు. నష్టం యాజమాన్యానికి, లాభం ప్రయాణికుడికి. జనాభిప్రాయం ఒక్కటే చూస్తే ఇంతకు మించింది లేదు.

మన దగ్గర చేస్తే? డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, టికెట్ ఇవ్వకుండా ప్రయాణికుణ్ని ఎక్కించుకుంటే కండక్టర్ ఉద్యోగానికే ముప్పు. మధ్యదారిలో చెకింగ్ స్క్వాడ్ ఎక్కి ఒక్క టికెట్ తక్కువ చూసినా సస్పెన్షన్ దాకా పోతుంది. పని ఆపితే సమ్మె కాబట్టి చట్టంలో దానికో చోటుంది. పని చేస్తూ టికెట్ కొట్టకపోతే క్రమశిక్షణ తప్పడం కింద చూసే అవకాశమే ఎక్కువ. పైగా తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. వాళ్లకిచ్చే జీరో టికెట్ల లెక్కనుబట్టే సంస్థ ప్రభుత్వాన్ని డబ్బు అడగగలదు. ఆ టికెట్ కూడా కొట్టకపోతే సర్కారుకు ఖర్చు తప్పుతుంది, దెబ్బ తినేది జీతాలివ్వాల్సిన సంస్థే. ఒకాయామాలో నప్పిన ఉపాయం ఇక్కడ కార్మికుడి మెడకే చుట్టుకుంటుంది.

మూడోది పని ఆపకుండా పోరాడటం: నల్ల బ్యాడ్జీలు, గేటు మీటింగులు, రిలే దీక్షలు. విశాఖ ఉక్కు దీనికి పెద్ద ఉదాహరణ. 2021 జనవరిలో కేంద్రం అమ్మకానికి నిర్ణయం తీసుకున్నాక ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో దీక్షలు మొదలై ఏళ్ల తరబడి సాగాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అమ్మకం నిర్ణయం పూర్తిగా పోయిందని ఎవరూ చెప్పలేరు గానీ, ప్లాంటు ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది. అక్కడ జనం మద్దతు చెక్కుచెదరలేదు. 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటు అది, భూములిచ్చిన నిర్వాసితులు చుట్టుపక్కలే ఉన్నారు. ఆ వెనకబలం ఆర్టీసీకి అంతగా లేదు. బస్టాండులో ఒక మూల టెంట్ వేసుకొని కూర్చుంటే మూడో రోజు నుంచి పక్కనుంచి నడిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఈ మూడింటిలో దేన్నీ ఉన్నది ఉన్నట్టు తీసుకోలేను. ఆర్టీసీకి నా ఓటు నోటీసిచ్చి, గడువు చెప్పి చేసే సమ్మెకు. ఒక రోజు లేదా రెండు రోజులు. పండగలు, పరీక్షలు వదిలేసి. ఏ తేదీన ఆగుతుందో, ఏ తేదీన మళ్లీ నడుస్తుందో ప్రతి బస్సులో ముందుగానే అంటించి. ఒక్కరోజు సమ్మె మొక్కుబడి తంతు అయిపోయిందనే విమర్శ ఉంది. దేశవ్యాప్త సమ్మెల విషయంలో అది చాలావరకు నిజం, ఆ మర్నాడు ఏం చేస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి. మొదటిసారి ఒక రోజు, మాట్లాడకపోతే నెల తర్వాత రెండు రోజులు, అదీ కాకపోతే ఆ తర్వాతే నిరవధికం అని ముందే చెప్పి చేస్తే దాని బరువు వేరు. 2025లో తెలంగాణ ఆర్టీసీ జేఏసీ మే 7 నుంచి సమ్మెకు నోటీసిచ్చింది. 6వ తేదీన రవాణా మంత్రితో చర్చలయ్యాక వాయిదా వేసింది. అడిగినవన్నీ రాలేదు. కానీ ఒక్క ప్రయాణికుడూ ఎండలో నిలబడకుండానే ప్రభుత్వం బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

రోజూ లక్షల మందితో ముఖాముఖి మాట్లాడే ఉద్యోగం కండక్టర్లది. మరే యూనియన్‌కీ ఇలాంటి అవకాశం లేదు. నోటీసు ఇవ్వడానికి ముందు నెల రోజులు, మా రూట్లో ఎన్ని బస్సులు తగ్గాయి, మా డిపోలో ఎంతమంది డ్రైవర్లు తక్కువున్నారు, నిన్న రాత్రి నైట్ హాల్ట్‌లో నేను ఎక్కడ పడుకున్నాను అన్న మూడు సంగతులు టికెట్‌తో పాటు చెప్తే చాలు. సమ్మె రోజున ఆ ప్రయాణికుడు ఎమ్మెల్యే ఇంటికి ఫోన్ చేస్తాడు.