1948 సెప్టెంబరు: వింటే మేలా, చదివితే మేలా?

1948లో హైదరాబాద్ నిజాం భారత సైన్యానికి లొంగిన సెప్టెంబరు 17 ఏటా దగ్గర పడుతుంటే విలీనమా, విమోచనా, విద్రోహమా అన్న వాదన మొదలవుతుంది. ఆ వేడిలోనే హైదరాబాద్ సంస్థానం మీద గంటల తరబడి సాగే పాడ్‌కాస్టులూ వస్తాయి. ఈమధ్య వాటిని చాలా విన్నాను. వింటూనే అదే కాలం మీద పాత పుస్తకాలూ ముందేసుకున్నాను.

కథ వరుస తెలియాలంటే పాడ్‌కాస్టుకే నా ఓటు. 1947 నవంబరు 29న పాత సంబంధాలే కొనసాగాలంటూ నిజాం, భారత్ చేసుకున్న యథాతథ ఒప్పందం, లాతూరు వకీలు ఖాసిం రజ్వీ కింద నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు చెలరేగడం, 1948 ఆగస్టు 22 రాత్రి ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్య, అయిదు రోజులకే బైరాన్‌పల్లి గ్రామంలో రజాకార్ల ఊచకోత, సెప్టెంబరు 13న భారత సైన్యం కదలడం, 17న నిజాం రేడియో ప్రసంగం. బాగా చెప్పేవాళ్ళ నోట వింటే దేని వెనక ఏది జరిగిందో మనసులో నిలబడిపోతుంది. తెలుగు అర్థమయినా చదవడం రాని పిల్లలు విదేశాల్లో ఎంతమందో ఉన్నారు. వాళ్ళకు తాతల కాలం చేరే దారి ఇదే.

అంకెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వినికిడి చాలదు. ‘పోలీసు చర్య’ అని పేరుపెట్టిన ఆ సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన, ఎక్కువగా ముస్లింలు బలైన హత్యల సంగతే చూడండి. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను నెహ్రూ పంపితే, వాళ్ళు ఊరూరా తిరిగి నివేదిక ఇచ్చారు. అది దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ప్రాణాలు కోల్పోయినవారు కనీసం 27 వేల నుంచి 40 వేల మంది అని అందులో ఉంది. చెవికి అందేది ఆ పెద్ద అంకె ఒక్కటే. మనం ఏ పక్షమైతే ఆ పక్షానికి తగ్గట్టు దాన్ని పట్టుకుంటాం, లేదా కొట్టిపారేస్తాం.

నివేదిక చదివితే అలా తప్పించుకోలేం. అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని కనిపిస్తుంది. అంటే ఇవాళ్టి తెలంగాణ సరిహద్దులకు అవతల. నల్లగొండ, మెదక్ పేర్లు ఆ తర్వాతి వరుసలో వస్తాయి. అంతకుముందు రజాకార్లు చేసిన దురాగతాలనూ అది దాచలేదు. ముస్లిం నేతగాళ్ళను సాటి హిందూ నేతగాళ్ళు అడ్డుపడి కాపాడిన సంగతీ ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. మగ్గం పని కలిపినవాళ్ళు మతం పేరుతో విడిపోలేదన్న ఆ చిన్న విషయం, నేను విన్న ఏ ఎపిసోడ్‌లోనూ రాలేదు.

అలాగని పుస్తకం నిష్పాక్షికమని అనుకోకూడదు. కె.ఎం. మున్షీ భారత ప్రభుత్వ ప్రతినిధిగా హైదరాబాద్‌లో కూర్చున్న మనిషి, 1957లో రాశారు. మీర్ లాయక్ అలీ నిజాం చివరి ప్రధాని. గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాక, 1962లో తన వైపు చెప్పుకున్నారు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం గురించి పుచ్చలపల్లి సుందరయ్య 1972లో కమ్యూనిస్టు పార్టీ నాయకుడిగా రాశారు. ఆయన లెక్కలో ఉద్యమం సాగింది 3 వేల గ్రామాల్లో, పంచింది 10 లక్షల ఎకరాలు, బలైంది 4 వేల మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు. ముగ్గురిలో ఒక్కరినే చదివితే ఆయన వెంటే నడిచిపోతాం. ముగ్గురినీ పక్కపక్కన పెడితే సెప్టెంబరు 17 ఒకరికి గెలుపు, ఒకరికి పతనం, మరొకరికి ఇంకో మూడేళ్ళ పోరుకు మొదలు అని తెలుస్తుంది. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో కదా.

ఒక్కటే తీసుకోమంటే నేను ఈ మూడూ తీసుకోను. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తీసుకుంటాను. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ లాంటి పోరాట స్త్రీలతో మాట్లాడి, వాళ్ళ మాటలను అచ్చులోకి తెచ్చిన పుస్తకం అది. దళాల్లో తిరిగిన ఆడవాళ్ళకు ఉద్యమం ముగిశాక ఇంటికి పొమ్మంటే ఎలా అనిపించిందో వాళ్ళే చెబుతారు. మాటలోని ప్రాణం అందులో ఉంది, వెనక్కి తిప్పి మళ్ళీ చూసుకునే వీలూ ఉంది. నాయకుల పుస్తకాల్లో లేనిది, పాడ్‌కాస్టుల్లో చాలామటుకు కరువైనది ఇదే: చెప్పేవాళ్ళు ఆ రోజులను తమ ఒంటిమీద భరించినవాళ్ళు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు ఒక మంచి ఎపిసోడ్ వినండి, వెంటనే ఆ ఆడవాళ్ళ మాటలు చదవండి. నాయకుల పుస్తకాలు తర్వాతైనా ఫరవాలేదు. పాడ్‌కాస్టులు చేసేవాళ్ళను అడిగేది ఒక్కటే. చనిపోయినవాళ్ళ అంకె నోట రాగానే అది ఎవరి లెక్కో, ఏ జిల్లాదో అదే వాక్యంలో చెప్పండి. ఎపిసోడ్ కింద పుస్తకం పేరు, పేజీ నంబరు ఇవ్వండి. ఊళ్ళలో ఆ రోజులు చూసినవాళ్ళు ఇంకా ఒకరిద్దరున్నా, ముందుగా మైకు వాళ్ళ దగ్గర పెట్టండి.