కరెంటు పెట్టే రోజుల్లో పండ్ల సెట్టు: పెట్టుకుంటే మేలా, తీస్తే మేలా?

నోటి, గొంతు క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్, అదే మన వరంగల్ వైపు కరెంటు అనేది, సాధారణంగా వారానికి 5 రోజుల లెక్కన 6, 7 వారాలు నడుస్తుంది. పండ్ల సెట్టు, అంటే తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు, ఉన్నవాళ్ల ముందు మూడు దారులు: ఎప్పటిలాగే పెట్టుకోవడం, తినేటప్పుడే పెట్టుకోవడం, పూర్తిగా తీసెయ్యడం.

మొదటిది వద్దే వద్దు. ఉమ్మి తగ్గిన నోట్లో సెట్టు చిగురుకు ఒరుసుకుని పుండు చేస్తుంది. కరెంటు తగిలిన కింది దవడలో ఆ పుండు ఎముక దాకా పోతే మానడం చాలా కష్టం. రాత్రి సెట్టుతోనే పడుకుంటే తెల్లటి బూజు పడుతుంది.

రెండోది మొదటి రెండు వారాలు నడుస్తుంది. నోరు పూయడం మొదలైన రోజు నుంచి మూడోదే మేలు. ముందు కింది సెట్టు తీయండి. బోసినోటితో నలుగురిలోకి పోవాలంటే మనసు ఒప్పదు, నిజమే. కానీ పుండు పడితే తిండే ఆగిపోతుంది. కారం, పచ్చిపులుసు మాని, పలుచటి జొన్న గటక, మెత్తటి పెరుగన్నం తినొచ్చు.

కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు కొలత తీసిన రోజు సెట్టు లేకుంటే, మెషీన్ మీద కూడా రోజూ తీసే పడుకోవాలి. కొక్కేలున్న సెట్టయితే లోహానికి ఆనుకున్న నోటి లోపలి పొరకు కరెంటు డోసు పెరుగుతుంది.

పుక్కిలించడానికి ఏది మేలు? షాపు మౌత్‌వాష్‌లో ఆల్కహాలుంటే మంట. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మౌత్‌వాష్ ఈ నోటిపూతను ఆపదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో టీస్పూను ఉప్పు, టీస్పూను వంటసోడా కలిపి, 2, 3 గంటలకోసారి పుక్కిలించడమే మంచిది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. బట్టల సోడా పొరపాటున కూడా వాడొద్దు.

సెట్టును మెత్తని బ్రష్షు, సబ్బుతో తోమాలి. పేస్టు గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే బూజు దాక్కుంటుంది. వేడినీళ్లలో వేస్తే వంకర పోతుంది, ఎండినా అంతే. రాత్రి మూతడబ్బాలో చన్నీళ్లలో ఉంచాలి. హైదరాబాదులో ఉండి కరెంటు పెట్టించుకునేవాళ్లు ఆ డబ్బా వెంట తీసుకుపోవాలి. బూజుకు డాక్టరు మందిస్తే నోటితోపాటు సెట్టునూ శుభ్రం చేయాలి, లేకుంటే మళ్లీ వస్తుంది.

కరెంటు అయ్యాక కనీసం 3 నెలలు ఆగాలి. నోరు పూర్తిగా మానిందని పండ్ల డాక్టరు చూసి చెప్పాకే సెట్టు. బరువు తగ్గి, చిగురు మారి పాతది వదులైతే కింద పొర వేయించాలి, లేదా కొత్తది కట్టించాలి. అప్పుడు ఏ వైపు, ఎంత డోసు పెట్టారో రాసిన కాగితం ఆయనకు చూపించండి.