పొలొన్నరువాలో సైకిళ్ళ మీద ఒక రోజు

శ్రీలంక వెళ్ళేవాళ్ళు చాలామంది సిగిరియా కొండకోట నుంచి వ్యాన్‌లో పాత రాజధాని పొలొన్నరువా వచ్చి, రెండు మూడు గంటల్లో చూసేసి వెళ్ళిపోతారు. పిల్లలతో వెళ్తుంటే మాత్రం దయచేసి ఆ ఊళ్ళోనే రెండు రాత్రులు ఉండండి, సైకిళ్ళు తీసుకోండి. నేను, మా ఆయన, పన్నెండేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు, నాన్న అలాగే చూసి వచ్చాం. మోకాళ్ళ నొప్పుల వల్ల నాన్నకి మాత్రం రోజంతటికీ ఆటో మాట్లాడాం.

చెరువు కట్టకి దగ్గర్లో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది మామూలుగానే ఉంది. ఫ్యాను, దోమతెర, శుభ్రమైన బాత్రూమ్, అంతే. తిండి మాత్రం మనసు నింపింది. పొద్దున్నే వేడివేడి ఇడియాప్పం, కొబ్బరిపాలు పోసి వండిన పప్పు, ఎర్రటి కొబ్బరి పచ్చడి. ఈ పచ్చడిని పోల్ సంబోల్ అంటారు, అందులో ఎండుచేపల పొడి కలపడం వాళ్ళకి అలవాటు. శాకాహారులైతే ముందురోజు రాత్రే చెప్పాలి. మేము చెప్పాం, మాకు విడిగా నూరి పెట్టారు.

సైకిళ్ళ దగ్గరే ఇబ్బంది పడ్డాం. రోజుకి ఒక్కోదానికి 500 లంక రూపాయలు తీసుకుని ఇచ్చినవాటిలో మా ఆయన సైకిల్‌కి వెనక బ్రేకు అసలు పడలేదు. అరకిలోమీటరు పోయాక తెలిసి, వెనక్కి వచ్చి మార్చుకున్నాం. డబ్బులివ్వకముందే పది గజాలు తొక్కి రెండు బ్రేకులూ పట్టి చూడండి. బాబుకి సరిపడా చిన్న సైకిల్ దొరకలేదు, వాడు రోజంతా నా వెనక క్యారియర్ మీదే కూర్చున్నాడు.

టికెట్లు చెరువు పక్కన మ్యూజియంలో తీసుకోవాలి. పాస్‌పోర్టులు చూపిస్తే సార్క్ దేశాల వాళ్ళకి, అంటే మనలాంటి దక్షిణాసియా వాళ్ళకి, సగం ధరే. అక్కణ్ణించి ఉత్తరాన తివంక గుడి దాకా దాదాపు ఐదు కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేని దారి, రెండు పక్కలా చెట్ల నీడ, కొమ్మల మీద కొండముచ్చులు. పిల్లలు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాం. వ్యాన్‌లో అది కుదరదు.

ప్రతి గుడి దగ్గరా చెప్పులు, టోపీలు తీసేయాలి. పది దాటితే రాయి కాలిపోతుంది, అందరికీ మేజోళ్ళు పెట్టుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ తప్పు, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

వటదాగె అనే గుండ్రటి స్తూప మందిరం మెట్ల ముందు అర్ధచంద్రం ఆకారంలో ఒక రాతి పలక ఉంటుంది. దాని మీద హంసల వరస, ఏనుగుల వరస, గుర్రాల వరస. పాప వంగి ఒక్కో వరసా లెక్కపెట్టింది. ఇంకా పాత రాజధాని అనురాధపురంలో ఇలాంటి పలకల మీద ఎద్దు కూడా ఉంటుంది, ఇక్కడ లేదు. శివుడి వాహనాన్ని కాలితో తొక్కకూడదని తీసేశారని చెబుతారు. ఈ ఊరు అంతకుముందు చోళుల చేతిలో ఉండేది, వాళ్ళు రాతితో కట్టిన శివాలయం ఇప్పటికీ దగ్గర్లోనే నిలబడి ఉంది. మన నాగార్జునకొండలోనూ ఇలాంటి అర్ధచంద్ర శిలలు దొరికాయి, సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారమూ అక్కడ ఉండేది.

గల్ విహారలో గంటసేపు కూర్చున్నాం. ఒకే బండలో తొలిచిన బుద్ధ విగ్రహాలు. పడుకున్న బుద్ధుడు 14 మీటర్ల పొడవు. తల కింద దిండు చూడండి, తల బరువుకి నొక్కుకుపోయినట్టు రాతిలోనే పల్లం చెక్కారు. పాదాలు రెండూ సమానంగా ఉండవు, ఒకటి కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. అది నిద్ర కాదు, పరినిర్వాణం, అంటే బుద్ధుడి చివరి ఘడియ అనడానికి గుర్తు అదే. ఎప్పుడూ కుదురుగా ఉండని బాబు ఆ పాదాల దగ్గర మాట్లాడకుండా నిలబడ్డాడు.

తివంక గుడిలో పాత కుడ్యచిత్రాలున్నాయి, ఫొటోలు తీయనివ్వరు. ఎండకి అలసిపోయి దాన్ని తొందరగానే ముగించాం. పొద్దున్నే ముందు ఉత్తరం కొసకి వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి చూసుకుంటూ వస్తే బాగుండేది.

సాయంత్రం నాన్నని పరాక్రమ సముద్రం అనే ఆ చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళాం. సుమారు 14 కిలోమీటర్ల కట్ట అది. 12వ శతాబ్దంలో రాజు పరాక్రమబాహువు పాత చెరువుల్ని కలిపి ఇంత చేశాడు. నాన్న ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, మాది హనుమకొండ. గుళ్ళ దగ్గర ఎక్కువగా ఆటోలోనే కూర్చున్న మనిషి, ఇక్కడ దిగి నడుస్తూనే ఉన్నారు. మా వైపు రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1215లో, కళింగ నుంచి వచ్చిన మాఘుడు పొలొన్నరువా మీద పడ్డాడు, ఆ తర్వాత రాజధాని అడవి పాలైంది. "గుళ్ళు కూలినయ్ గానీ కట్ట నిలబడ్డది చూడు బిడ్డా, ఇప్పటికీ వరి పండుతున్నది" అన్నారు నాన్న. దారిలో మట్టికుండలో అమ్మే గేదె పెరుగు, దాని మీద పోసే జీలుగు బెల్లంపాకం కొన్నాం. కుండ కడిగి పాప ఇంటికి తెచ్చుకుంది.