ఆ కేలరీ డబ్బాల వాళ్ళ జోలికి పోకండి బాబూ

ఎవరి గురించో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, ఆదివారం పొద్దున్నే నానక్‌రామ్‌గూడ వైపు గొడుగు వేసుకుని ప్రోటీన్ లడ్డూలు ఊరికే పంచేవాళ్ళు. పేరు రాస్తే పోస్టు తీయించేస్తారట, అందుకే రాయట్లేదు. "సైక్లిస్టుల స్పెషల్ వెయిట్ లాస్ ప్లాన్." మధ్యాహ్నం ఒక డబ్బా, రాత్రి ఒక డబ్బా, ప్రతి దాని మీదా కేలరీలు అచ్చు వేసి ఉంటాయి. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకుంటారు. కట్టాను. లడ్డూ బాగుంది మరి.

లెక్క వినడానికి బ్రహ్మాండం. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు, రోజుకి 500 తగ్గించి తింటే వారానికి అరకిలోకి కాస్త తక్కువగా దిగుతుంది, సైకిల్ తొక్కేది పైన లాభం. నెల దాటినా బరువు కదిలితే ఒట్టు. అడిగితే ముందు "వాటర్ వెయిట్ సార్", తర్వాత "మజిల్ పెరిగింది సార్", ఆ తర్వాత "నిద్ర చాలట్లేదేమో సార్". మా అమ్మ మాత్రం మొదటి వారంలోనే మూత తీసి చూసి "ఇదేం పథ్యంరా, మన కూర కంటే జిడ్డుగా ఉంది" అంది. కొలిచి వండుతారమ్మా, నీకు తెలీదు అన్నాను. ఇప్పుడు ఆ మాట నాకు మూడు పూటలా వడ్డిస్తోంది.

అసలు సంగతి ఇది. మొన్న రాత్రి డబ్బా తినకుండా ఫ్రిజ్‌లో పెట్టా. పొద్దున తీస్తే తేమకి స్టికర్ ఒక మూల లేచి ఉంది. ఆకుపచ్చ స్టికర్, "నూనె లేని గుత్తివంకాయ, అన్నం: 380 కేలరీలు". గోటితో లాగాను. కింద ఇంకోటి, పసుపుది. అదే తేదీ, అదే కూర. "రెగ్యులర్ మీల్: 640 కేలరీలు". ఆఫీసు మీల్స్ వాళ్ళకి పంపే డబ్బా మీదే పచ్చ కాగితం అంటించి నాకు పంపుతున్నారన్నమాట. ఆ కాగితానికే ఎక్కువ రేటు!

వేడి చేసి డబ్బా ఓరగా పెట్టా. "నూనె లేని" కూర నుంచి మూలకి చేరిన నూనె తీస్తే టేబుల్ స్పూన్ నిండింది. అదొక్కటే 120 కేలరీలు, మసాలాలో రుబ్బిన పల్లీలు, నువ్వులు వదిలేయండి. స్టికర్ల తేడా పూటకి 260, రెండు పూటలా ఇదే పని చేస్తుంటే 520. నేను కడుపు కట్టుకుని తగ్గించాననుకున్న 500 వాళ్ళే రోజూ తెచ్చి గుమ్మంలో పెట్టి పోతున్నారు. డెలివరీ ఫ్రీ.

ఫోన్ చేస్తే మేనేజర్ లైన్‌లోకి వచ్చాడు. ముందు "ప్రింటింగ్ మిస్టేక్" అన్నాడు. రెండు స్టికర్ల ఫొటోలూ పంపా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మా డైటీషియన్ ఎన్ఐఎన్ పట్టికలు చూసే లెక్క వేస్తారు సార్" అన్నాడు. ఎన్ఐఎన్ అంటే జాతీయ పోషకాహార సంస్థ. ఏ పట్టికలో ఉందయ్యా స్టికర్ మీద స్టికర్? అదే అడిగాను. అప్పుడన్నాడు చూడండి: "స్పూన్ నూనెకి ఇంత గొడవేంటి సార్, ఇంకో పది కిలోమీటర్లు తొక్కండి, అదే పోతుంది." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు మహానుభావుడు! డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే "పాలసీ లేదు సార్, వాలెట్‌లో వేస్తాం" అట. అంటే ఆ డబ్బాలే మళ్ళీ తినాలి.

వాళ్ళ యాప్ ఇంకో ఘనకార్యం. ఆదివారం రైడ్ అవగానే "1,050 కేలరీలు కరిగించారు, రికవరీ డబ్బా ఆర్డర్ చేయండి" అని మోగుతుంది. నా పక్కనే అదే వేగంతో తొక్కిన మిత్రుడిది దాదాపు నా బరువే, తొక్కడానికి పెట్టిన శక్తిని కొలిచే ఆయన పవర్ మీటర్‌లో 600 కిలోజౌల్స్ దాటలేదు. పవర్ మీటర్ చూపించే కిలోజౌల్స్ అంకెనే ఇంచుమించుగా కేలరీలనుకోవచ్చు. మిగతా 450 ఎవరు కరిగించారో ఆ యాప్‌కే తెలియాలి. ఆ డబ్బాకి బిల్లు మాత్రం వేరే.

ఇంకా కట్టని వాళ్ళు ఉంటే: ఒక్క వారానికి మించి ముందు డబ్బు ఇవ్వకండి. స్టికర్ మూల గోటితో గీకి చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్ లేకపోతే డబ్బా అక్కడే వెనక్కి ఇచ్చేయండి, నా డబ్బా మీద అది కూడా లేదు. ఇంట్లో తూకం మిషన్ ఉంటే వండిన అన్నం తూచండి, 100 గ్రాములు సుమారు 130 కేలరీలు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఇలాగే మోసపోయిన వాళ్ళుంటే మీరూ ఇవ్వండి. స్టికర్ ఫొటోలు కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపుతా.